వజ్రానికీ బంగారానికీ ఒకే స్ప్రింగుల లెక్క ఎందుకు సరిపోదు

ఉప్పు స్ఫటికం స్థితిస్థాపకతను కొలిచినప్పుడు వచ్చే సంఖ్యల్లో రెండిటిని పక్కపక్కన పెట్టి చూద్దాం: 13, 13. బంగారంలో అవే రెండు కొలతలు 163, 42. వజ్రంలో 124, 578. అన్నిటికీ ప్రమాణం గిగాపాస్కల్. ఘనాకార జాలకం ఉన్న, అంటే పరమాణువులు ఘనం ఆకారపు గళ్లలో పేర్చినట్టున్న ఏ స్ఫటికంలోనైనా ఈ రెండు సంఖ్యలు సమానంగా ఉండి తీరాలని పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఒక లెక్క తేల్చింది. ఉప్పు ఆ లెక్కకు లొంగింది. బంగారం ఒక వైపుకి తప్పుకుంది, వజ్రం సరిగ్గా దాని ఎదురు వైపుకి తప్పుకుంది.

ఆ లెక్క చేసినవాళ్లు ఆ కాలపు మహా గణితవేత్తలు. వాళ్ల గణితంలో పొరపాటు లేదు. మరి తేడా ఎందుకొచ్చింది? స్ఫటికాల గణితంలో నాకు అన్నిటికంటే విలువైన ప్రశ్న ఇదే. ఈ నమూనా ఎంత తప్పిందో, ఏ వైపుకి తప్పిందో చూస్తే, కంటికి కనిపించని పరమాణువులు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉన్నాయో చెప్పేయొచ్చు. దానికి ముందు ఆ నమూనా ఎలా కట్టారో చూడాలి.

స్ప్రింగు ఎక్కడి నుంచి వచ్చింది

రెండు పరమాణువులు మరీ దగ్గరికొస్తే వికర్షించుకుంటాయి, దూరం జరిగితే ఆకర్షించుకుంటాయి. మధ్యలో ఒకచోట వాటి స్థితిజ శక్తి కనిష్ఠంగా ఉంటుంది. దూరాన్ని బట్టి శక్తి ఎలా మారుతుందో గ్రాఫ్ గీస్తే ఒక గుంట కనిపిస్తుంది. మొత్తం గుంట ఆకారం ఒక్కో పదార్థానికి ఒక్కోలా ఉంటుంది. కానీ దాని అడుగును బాగా దగ్గరగా చూస్తే, అది దాదాపు ఎప్పుడూ పారాబొలాయే. కనిష్ఠ బిందువు దగ్గర గ్రాఫ్ వాలు సున్నా కాబట్టి, శక్తిని దూరం ఘాతాల మొత్తంగా రాసే టేలర్ శ్రేణిలో మొదటి ఘాతం పదం పోయి వర్గం పదం మిగులుతుంది. శక్తి దూరం వర్గాన్ని బట్టి పెరిగితే బలం దూరాన్ని బట్టి పెరుగుతుంది. 1678లో రాబర్ట్ హుక్ ప్రచురించిన సూత్రం అదే: ఎంత సాగితే అంత బలం. కాబట్టి పరమాణువుల మధ్య స్ప్రింగులున్నాయని అనుకోవడం కాకమ్మ కథ కాదు. కదలిక చిన్నదైనంతసేపూ బంధం స్ప్రింగులాగే ప్రవర్తిస్తుంది.

ఇప్పుడు ఒకే వరుసలో సమాన దూరాల్లో పరమాణువుల్ని ఉంచి, ప్రతి ఇద్దరు పొరుగువాళ్ల మధ్యా ఒక స్ప్రింగు పెడదాం. మధ్యలో ఒక పరమాణువుని తీసుకుంటే దాని మీద రెండే బలాలు, కుడి స్ప్రింగుది ఒకటి, ఎడమ స్ప్రింగుది ఒకటి. రెండు పొరుగుల స్థానభ్రంశాలను కలిపి, అందులోంచి తన స్థానభ్రంశానికి రెట్టింపు తీసేసి, స్ప్రింగు స్థిరాంకంతో గుణిస్తే దాని మీద పనిచేసే నికర బలం వస్తుంది. న్యూటన్ రెండో నియమం ప్రకారం అది ద్రవ్యరాశి, త్వరణాల లబ్ధానికి సమానం. జాలకాల గణితమంతటికీ మూలం ఈ ఒక్క సమీకరణమే. మూడు కొలతల్లోకి వెళ్లినా, కంప్యూటర్లో కోటి పరమాణువుల్ని కదిలించినా రాసేది ఇలాంటి సమీకరణాలనే.

దీన్ని మనం చేత్తో పట్టుకునే వస్తువుతో కలపడం తేలిక. ఇలాంటి వరుసల్ని పక్కపక్కనే, అదే దూరంలో పేర్చితే ఒక దిమ్మె అవుతుంది. దాని స్థితిస్థాపక గుణకం ఎంత? స్ప్రింగు స్థిరాంకాన్ని పరమాణువుల మధ్య దూరంతో భాగిస్తే చాలు. రాగికి గుణకం రమారమి 100 గిగాపాస్కల్ అనీ, పరమాణువుల మధ్య దూరం రమారమి 0.25 నానోమీటర్ అనీ తీసుకుంటే, ఒక్కో స్ప్రింగు స్థిరాంకం మీటరుకు 25 న్యూటన్లు వస్తుంది. అంటే అలాంటి స్ప్రింగుని ఒక సెంటీమీటరు సాగదీయడానికి 25 గ్రాముల బరువు వేలాడదీస్తే సరిపోతుంది. విడిగా చూస్తే ఇంత మెత్తటి స్ప్రింగులు! మరి రాగి అంత గట్టిగా ఎందుకుంది? ఒక చదరపు సెంటీమీటరు కోతలో అలాంటివి సుమారు 16 కోట్ల కోట్ల స్ప్రింగులు పక్కపక్కన నిలబడి బరువు పంచుకుంటాయి కాబట్టి. లోహం గట్టిదనం స్ప్రింగు బలం వల్లే కాదు, స్ప్రింగులు అంత ఇరుకుగా ఉండటం వల్ల కూడా.

ఇదే వరుస ధ్వనిని కూడా లెక్క కడుతుంది. పొడవాటి తరంగం పోతున్నప్పుడు పక్కపక్క పరమాణువులు దాదాపు ఒకేలా కదులుతాయి. అప్పుడు వేగం ఎంతంటే, స్ప్రింగు స్థిరాంకాన్ని పరమాణువు ద్రవ్యరాశితో భాగించి, వర్గమూలం తీసి, దాన్ని పరమాణువుల మధ్య దూరంతో గుణిస్తే వచ్చేంత. రాగి అంకెలు వేస్తే సెకనుకు దాదాపు 4 వేల మీటర్లు వస్తుంది. రాగి కడ్డీలో కొలిచే వేగానికి ఇది బాగా దగ్గర.

తరంగం పొట్టిదయ్యే కొద్దీ కథ మారుతుంది. పౌనఃపున్యం సరళరేఖలా పెరగడం మానేసి సైన్ వక్రంలా వంగుతుంది. తరంగదైర్ఘ్యం రెండు పరమాణువుల మధ్య దూరానికి సరిగ్గా రెట్టింపు అయినప్పుడు పొరుగు పరమాణువులు ఎదురెదురుగా ఊగుతాయి. అంతకంటే పొట్టి తరంగానికి ఆ వరుసలో అర్థమే లేదు, ఎందుకంటే మధ్యలో కదలడానికి ఏమీ లేదు. రాగి లాంటి లోహంలో ఈ గరిష్ఠ పౌనఃపున్యం సెకనుకు కొన్ని లక్షల కోట్ల ఊగిసలాటలు. పదార్థాన్ని ఎడతెగని ముద్దలా భావించే పాత స్థితిస్థాపక సిద్ధాంతంలో ఇలాంటి హద్దు ఎక్కడా ఉండదు. మాక్స్ బోర్న్, థియొడోర్ ఫాన్ కార్మాన్ ఈ లెక్కను మూడు కొలతల జాలకానికి 1912లో రాశారు. స్ఫటికంలో పరమాణువులు నిజంగానే వరుసల్లో ఉన్నాయని ఎక్స్ కిరణాలతో మాక్స్ ఫాన్ లావే బృందం చూపించింది కూడా ఆ ఏడాదే. జాలకపు గణితమూ, జాలకం ఉందన్న రుజువూ ఒకే ఏడాదిలో రావడం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

ఎన్ని సంఖ్యలు కావాలి

వరుసకి ఒక్క సంఖ్య చాలింది. నిజమైన దిమ్మెకి చాలదు. దాన్ని మూడు దిశల్లో సాగదీయొచ్చు, మూడు తలాల్లో పక్కకి నెట్టొచ్చు. ఈ పక్కకి నెట్టడాన్నే షియర్ అంటారు. చతురస్రాన్ని రాంబస్‌గా మార్చే వికృతి అది. మొత్తం ఆరు రకాల వికృతి (ఆకారంలో వచ్చే మార్పు), ఆరు రకాల ప్రతిబలం (ఆ మార్పుకి ఎదురుగా లోపల పుట్టే బలం, వైశాల్యం లెక్కన). ఒక్కో ప్రతిబలం ఆరు వికృతుల మీదా ఆధారపడొచ్చు కాబట్టి 36 స్థిరాంకాలు. స్థితిజ శక్తి అనేది ఒకటుందనీ, అది ఏ దారిలో వికృతి చెందించామన్నదాని మీద ఆధారపడదనీ ఒప్పుకుంటే, 36 కాస్తా 21 అవుతాయి. ఈ దారి చూపించింది 1837లో జార్జ్ గ్రీన్. ఆయన పని చేస్తున్నది కాంతి పరావర్తనం మీద, స్ఫటికాల గట్టిదనం మీద కాదు. అయినా శక్తి నుంచి మొదలుపెట్టడమనే ఆయన పద్ధతే ఈ రంగంలో నిలిచింది.

21 అన్నది ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికానికి. సౌష్ఠవం పెరిగే కొద్దీ సంఖ్యలు తగ్గుతాయి. షడ్భుజ జాలకానికి 5 చాలు. ఘనాకార జాలకానికి 3. అన్ని దిశల్లోనూ ఒకేలా ఉండే పదార్థానికి 2. ఘనాకార జాలకపు మూడు సంఖ్యల్నీ సి11, సి12, సి44 అని రాస్తారు. మొదటిది నిలువునా సాగడాన్ని ఎంత ఎదిరిస్తుందో చెబుతుంది. ఒక దిశలో సాగదీస్తూ పక్క దిశలు కదలకుండా పట్టుకుంటే ఆ పక్కల మీద ఎంత లాగుడు పడుతుందో రెండోది చెబుతుంది. మూడోది షియర్‌ని ఎదిరించే శక్తి.

ఘనాకారం అంటే అన్ని వైపులా ఒకటే అని అనుకోకూడదు. రాగి సంఖ్యలు సుమారు 168, 121, 75. వీటి నుంచి యంగ్ గుణకం, అంటే ఒక దిశలో లాగినప్పుడు సాగడాన్ని ఎదిరించే గట్టిదనం, కడితే, ఘనం అంచు వెంట 67 గిగాపాస్కల్, మూల నుంచి ఎదురు మూలకి పోయే కర్ణం వెంట 190 దాకా వస్తుంది. ఒకే రాగి, ఒకే స్ఫటికం, దిశ మారితే గట్టిదనం దాదాపు మూడింతలు. మనం వాడే రాగి తీగలో లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలు రకరకాల దిశల్లో కలిసి ఉంటాయి కాబట్టి మనకి ఆ తేడా తెలియదు, మధ్యలో ఏదో ఒక సగటు కనిపిస్తుంది. టంగ్‌స్టన్ మాత్రం ఒక్క స్ఫటికంగా ఉన్నా దాదాపు అన్ని దిశల్లోనూ ఒకేలా ఉంటుంది. జాలకం ఘనాకారమా కాదా అన్నది సంఖ్యలు ఎన్నో మాత్రమే చెబుతుంది, వాటి విలువలు చెప్పదు. విలువలు రావాలంటే బంధాల్లోకి వెళ్లక తప్పదు.

కోషీ పెట్టిన సమానత్వం

గ్రీన్ కంటే ముందే ఫ్రాన్స్‌లో కొందరు బంధాల వైపు నుంచి బయల్దేరారు. క్లాడ్ లూయీ నావియే 1821లో, ఆగస్టిన్ లూయీ కోషీ 1828లో ఘన పదార్థాన్ని ఒకదాన్నొకటి లాక్కునే, నెట్టుకునే కణాల గుంపుగా తీసుకున్నారు. వాళ్లు పెట్టుకున్న షరతు సహజంగానే కనిపిస్తుంది: రెండు కణాల మధ్య బలం వాటిని కలిపే గీత వెంటే ఉంటుంది, అది వాటి మధ్య దూరం మీద మాత్రమే ఆధారపడుతుంది. గురుత్వాకర్షణ అలాగే ఉంది, స్థిర విద్యుత్ బలమూ అలాగే ఉంది. పరమాణువులు మాత్రం వేరేగా ఎందుకుండాలి?

ఈ ఒక్క షరతుతో స్థిరాంకాలు 21 నుంచి 15కి పడిపోయాయి. ఘనాకార జాలకంలో మూడు రెండయ్యాయి, మొదట్లో పక్కపక్కన పెట్టి చూసిన రెండు సంఖ్యలు, సి12, సి44, సమానమైపోయాయి. అన్ని దిశల్లోనూ ఒకేలా ఉండే పదార్థానికి ఒక్కటే మిగిలింది. అలాంటి ప్రతి పదార్థానికీ పాయిజాన్ నిష్పత్తి, అంటే సాగదీసినప్పుడు పొడవు పెరిగే వంతుతో పోలిస్తే అడ్డంగా సన్నబడే వంతు, సరిగ్గా నాలుగో వంతు కావాలని తేలింది.

సమానత్వం ఎందుకొస్తుందో చూడటానికి పెద్ద గణితం అక్కర్లేదు, ఇక్కడ కొంచెం ఆగి చూడటం మంచిది. ఒక బంధాన్ని తీసుకుని, దాన్ని ఎక్స్, వై, జెడ్ దిశల్లో మూడు భాగాలుగా విడదీద్దాం. స్ఫటికానికి చిన్న వికృతి ఇస్తే ఆ బంధం పొడవు ఎంత మారుతుంది? ఎక్స్ దిశలో సాగదీస్తే ఆ మార్పు బంధపు ఎక్స్ భాగం వర్గాన్ని బట్టి ఉంటుంది, అంటే ఎక్స్, ఎక్స్. వై దిశలో అయితే వై, వై. ఎక్స్, వై తలంలో షియర్ ఇస్తే ఎక్స్ భాగం, వై భాగాల లబ్ధాన్ని బట్టి ఉంటుంది, అంటే ఎక్స్, వై. ఇక శక్తి పొడవులో మార్పు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, ఏ స్థిరాంకంలోనైనా ఇలాంటి జంటలు రెండు గుణించుకుంటాయి. సి12లో ఎక్స్ సాగుడూ వై సాగుడూ కలుస్తాయి: ఎక్స్, ఎక్స్, వై, వై. సి44లో షియర్ తనతో తనే కలుస్తుంది: ఎక్స్, వై, ఎక్స్, వై. నాలుగు సంఖ్యల్ని ఏ వరుసలో గుణించినా లబ్ధం ఒకటే. ప్రతి బంధానికీ ఇదే జరుగుతుంది కాబట్టి మొత్తం స్ఫటికానికీ రెండు స్థిరాంకాలూ ఒకటే. బంధాలు ఎన్నున్నా, ఎంత దూరం పోయినా, స్ప్రింగులు ఎంత బలంగా ఉన్నా ఇందులో తేడా రాదు.

వాదనలో మరో రెండు షరతులు చాప కింద నీరులా ఉన్నాయి. వికృతి ఇచ్చినప్పుడు ప్రతి పరమాణువూ మొత్తం దిమ్మె కదిలినట్టే కదలాలి, తనంతట తాను పక్కకి సర్దుకోకూడదు. జాలకంలో ప్రతి పరమాణువు చుట్టూ ఎదురెదురు వైపులు ఒకేలా ఉంటే ఇది దానంతటదే నెరవేరుతుంది. రెండోది, వికృతి ఇవ్వకముందు స్ఫటికంలో ప్రతిబలమేమీ ఉండకూడదు.

కొలతలు ఎదురు తిరగడం మొదలైంది. గిలోమ్ వెర్ట్‌హైమ్ 1848లో గాజు, ఇత్తడి మీద కొలిస్తే పాయిజాన్ నిష్పత్తి నాలుగో వంతుకి కాక మూడో వంతుకి దగ్గరగా వచ్చింది. దీనికి కోషీ పక్షం దగ్గర బలమైన జవాబే ఉంది. సాన్ వెనాన్ లాంటి వాళ్లు ఏమన్నారంటే, సాగదీసిన తీగలూ పోత పోసిన కడ్డీలూ నిజంగా అన్ని దిశల్లోనూ ఒకేలా ఉండవు, వాటితో తీర్పు చెప్పకూడదని. ఈ అభ్యంతరాన్ని తీసిపారేయలేం. రాగి గట్టిదనం దిశను బట్టి మూడింతలు మారుతుందని ఇందాక చూశాం కదా. తగువు తేలాలంటే ఒక్కటే స్ఫటికం నుంచి, తెలిసిన దిశల్లో కోసిన కడ్డీలు కావాలి.

గోటింగెన్‌లో వాల్డెమార్ ఫోక్ట్ 1880లలో ఆ పని చేశాడు. సహజంగా దొరికే పెద్ద స్ఫటికాల నుంచి సన్నని కడ్డీలు కోయించి, వాటిని వంచి, మెలిపెట్టి ఓపిగ్గా కొలిచాడు. చాలా స్ఫటికాల్లో కోషీ సమానత్వాలు నిలబడలేదు. సిద్ధాంతపరంగా గ్రీన్ 21 గెలిచింది. ఈ రోజు ఏ పుస్తకంలోనైనా సి11, సి12 అని కనిపించే రాత పద్ధతి కూడా ఫోక్ట్ పేరు మీదే ఉంది.

తర్వాత కొలిచే పద్ధతి మారింది. స్ఫటికం ముక్కలోకి అతిధ్వని తరంగాన్ని పంపి వేగం కొలిస్తే, సాంద్రతను ఆ వేగం వర్గంతో గుణించగానే స్థిరాంకం చేతికొస్తుంది. రాగిలో ఘనం అంచు వెంట నిలువు తరంగం (పోయే దిశలోనే పరమాణువుల్ని ఊపేది) సెకనుకు దాదాపు 4,300 మీటర్లు పోతుంది, అది సి11 ఇస్తుంది. అడ్డ తరంగం దాదాపు 2,900 మీటర్లు పోతుంది, అది సి44 ఇస్తుంది. సి12 కోసం మరో దిశలో ఇంకోసారి కొలవాలి. చిన్న ముక్కకి కూడా ఇది పనికొస్తుంది. 1940లలో సూరి భగవంతం, భీమసేనాచార్ వజ్రం స్థిరాంకాల్ని కొలిచింది అతిధ్వనితోనే.

తప్పు ఏ వైపు ఉందో చూడండి

గ్రీన్ గెలిచాడు కదా అని కోషీ లెక్కను పక్కన పడేసి ఉంటే చాలా పోగొట్టుకునేవాళ్లం. సి12 నుంచి సి44 తీసేస్తే వచ్చే తేడాని ఇప్పుడు కోషీ పీడనం అంటారు. దాని గుర్తు చూస్తే చాలు, విషయం బయటపడుతుంది.

ఉప్పులో అది దాదాపు సున్నా. సోడియం, క్లోరిన్ అయాన్లు గుండ్రటి ఆవేశపు ముద్దల్లా ఉండి, ఒకదాన్నొకటి కలిపే గీత వెంటే లాక్కుంటాయి. ఉప్పు జాలకంలో ప్రతి అయాన్ చుట్టూ ఎదురెదురు వైపులు ఒకేలా ఉంటాయి. కోషీ అడిగిన షరతులన్నీ దాదాపుగా నెరవేరాయి, సమానత్వమూ వచ్చింది. అయానిక స్ఫటికాలన్నీ ఇంత బుద్ధిగా ఉండవు. మెగ్నీషియం ఆక్సైడ్‌కి ఉప్పు అమరికే ఉంది, కానీ సి12 సుమారు 95, సి44 సుమారు 155. ఆక్సిజన్ అయాన్ గట్టి గోళం కాదు, చుట్టూ ఉన్నవాటిని బట్టి దాని ఎలక్ట్రాన్ మేఘం ఉబ్బుతుంది, నలుగుతుంది. అంటే రెండు అయాన్ల మధ్య బలం మూడో అయాన్ ఎక్కడుందో తెలుసుకుని మారుతుంది. జంటల లెక్క అక్కడే విరిగింది.

లోహాల్లో తేడా ధనాత్మకం. రాగిలో 121, 75. అల్యూమినియంలో 61, 28. బంగారంలో మరీ పెద్దది. లోహాన్ని కలిపి ఉంచేది జంట జంటల స్ప్రింగులు మాత్రమే కాదు, అందరిదీ అయిన ఎలక్ట్రాన్ల గుంపు కూడా. ఆ గుంపు శక్తి ముఖ్యంగా ఘనపరిమాణం మీద ఆధారపడుతుంది. ఒక దిశలో నొక్కితే ఘనపరిమాణం తగ్గుతుంది, ఎలక్ట్రాన్లు ఎదురు తిరిగి అన్ని వైపులా నెడతాయి. ఆ నెట్టుడు సి12లో చేరుతుంది. షియర్ ఇస్తే ఆకారం మారుతుంది తప్ప ఘనపరిమాణం మారదు, ఎలక్ట్రాన్ల గుంపుకి పెద్దగా పట్టదు. అందుకే సి44 వెనకబడుతుంది. బంగారం మెత్తగా మలచడానికి వీలుగా ఉండి, నొక్కి చిన్నది చేయడానికి మాత్రం మొండికేయడం ఈ రెండు సంఖ్యల్లోనే ఉంది.

దీన్ని కంప్యూటర్ నమూనాలో పెట్టడానికి ముర్రే డా, మైకేల్ బాస్కెస్ అనే ఇద్దరు 1980ల మొదట్లో ఒక చక్కటి దారి కనిపెట్టారు. ప్రతి పరమాణువునీ దాని పొరుగులు ఇచ్చే ఎలక్ట్రాన్ సాంద్రతలో మునిగినట్టు భావించి, ఆ సాంద్రతను బట్టి శక్తికి ఒక అదనపు పదం చేర్చారు. ఆ పదం సాంద్రతతో పాటు తిన్నగా పెరిగినా తగ్గినా ఉపయోగం లేదు, మళ్లీ జంటల లెక్కే అవుతుంది. వక్రంగా మారాలి. ఈ నమూనాలో ఘనాకార లోహపు కోషీ పీడనం గుర్తు సరిగ్గా ఆ వక్రత గుర్తే. నూట యాభై ఏళ్ల కిందటి తగువులో మిగిలిపోయిన తేడా ఇక్కడ ఒక గ్రాఫ్ వంపుగా తేలింది. లోహాల మీద జరిగే పెద్ద పెద్ద సిమ్యులేషన్లలో చాలా భాగం ఈ నమూనా మీదే నడిచాయి.

వజ్రం దారి వేరు. అక్కడ తేడా ఋణాత్మకం, అదీ చాలా పెద్దది. ప్రతి కార్బన్ పరమాణువుకీ నలుగురే పొరుగులు, బంధాల మధ్య కోణం 109.5 డిగ్రీలు. బంధాలు పొడవునే కాదు, ఆ కోణాన్ని కూడా కాపాడుకుంటాయి. నలుగురు పొరుగులకీ సాగే స్ప్రింగులు మాత్రమే పెట్టి వజ్రాన్ని కట్టి చూస్తే సి11, సి12 సమానమైపోతాయి, ఒక రకం షియర్‌కి ఆ కట్టడం ఏ మాత్రం ఎదురు నిలవదు. మనకి తెలిసిన అతి గట్టి పదార్థం లెక్కలో కూలిపోతుంది! కోణాలు మారకుండా పట్టుకునే రెండో రకం స్ప్రింగు ఉంటేనే అది నిలబడుతుంది.

కీటింగ్ 1966లో సరిగ్గా ఆ రెండు స్ప్రింగులతోనే నమూనా కట్టాడు, సాగడానికి ఒకటి, కోణానికి ఒకటి. స్థిరాంకాలు మూడు, నమూనాలో సంఖ్యలు రెండే కాబట్టి ఆ మూడిటి మధ్య ఒక సంబంధం తప్పనిసరిగా రావాలి. ఆయన సూత్రం ప్రకారం సి11, సి12ల తేడాని, సి11కి సి12 మూడింతలు కలిపిన దానితో గుణించి, సి11, సి12ల మొత్తానికి రెట్టింపుతో భాగిస్తే సి44 రావాలి. సిలికాన్‌కి 166, 64 వేసి చూస్తే 79.4 వస్తుంది, కొలిచింది దాదాపు 80. వజ్రానికి 1079, 124 వేస్తే 576 వస్తుంది, కొలిచింది 578. రెండు స్ప్రింగుల నమూనా ఒక్క శాతం లోపు సరిపోయింది. ఏ స్ప్రింగు పెట్టాలో తెలిస్తే చాలా తక్కువ గణితంతో ఎంత దూరం పోవచ్చో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఆ సూత్రంలో ఇంకో సంగతి దాగుంది. వజ్రం జాలకంలో పరమాణువుల చుట్టూ ఎదురెదురు వైపులు ఒకేలా ఉండవు. షియర్ ఇచ్చినప్పుడు జాలకంలో ఒకదానిలో ఒకటి దూరి ఉన్న రెండు ఉపజాలకాలు ఒకదాని మీద ఒకటి కొద్దిగా జరిగి, కొంత ఒత్తిడిని తగ్గించుకుంటాయి. ఈ లోపలి సర్దుబాటుని మర్చిపోయి లెక్క కడితే సిలికాన్ సి44 80 దగ్గర ఆగదు, 100 దాటిపోతుంది. కోషీ వాదనలోని మొదటి షరతు ఎంత బరువు మోస్తోందో ఇక్కడ తెలుస్తుంది.

స్ప్రింగులు లేకుండా

ఇప్పుడు స్ప్రింగుల్ని ఊహించకుండానే స్థిరాంకాలు లెక్క కట్టొచ్చు. వాల్టర్ కోన్, ఆయన సహచరులు 1964, 1965లో వేసిన పునాది మీద ఎలక్ట్రాన్ల శక్తిని క్వాంటమ్ సూత్రాలతో నేరుగా కడతారు. స్ఫటికపు చిన్న ముక్కకి ఒక శాతం లోపు వికృతి ఇచ్చి, లోపలి పరమాణువుల్ని సర్దుకోనిచ్చి, మొత్తం శక్తి కట్టడం. వికృతిని కొద్దికొద్దిగా మార్చి మళ్లీ కట్టడం. వచ్చిన బిందువుల గుండా పారాబొలా గీస్తే దాని వక్రతే స్థిరాంకం. కొలతలకి సాధారణంగా కొన్ని శాతాల తేడాలో వస్తుంది. జంటలా, కోణాలా, గుంపు ఎలక్ట్రాన్లా అని ముందే నిర్ణయించుకోనక్కర్లేదు. కాకపోతే దీనికి అయ్యే ఖర్చు వల్ల కొన్ని వందల పరమాణువులకి మించి వెళ్లడం కష్టం. లక్షల పరమాణువులు కావాల్సిన చోట మళ్లీ స్ప్రింగుల వైపు, డా, బాస్కెస్ లాంటి నమూనాల వైపు రావాల్సిందే. అవి నమ్మదగ్గవా కాదా అని చూసే తొలి పరీక్షల్లో ఒకటి, సి12, సి44 రెండూ సరిగ్గా ఇస్తున్నాయా అన్నది.

పారాబొలా దాటితే

ఇదంతా గుంట అడుగున జరిగే కథ. గుంట నిజానికి రెండు వైపులా ఒకేలా ఉండదు, నొక్కే వైపు నిటారుగానూ లాగే వైపు వాలుగానూ ఉంటుంది. అచ్చమైన పారాబొలా అయితే వేడి చేసినా స్ఫటికం వ్యాకోచించదు. వ్యాకోచం కనబడుతోందంటే శ్రేణిలో మూడో ఘాతం పదం ఉన్నట్టే.

పెద్ద షియర్ ఇస్తే ఏమవుతుందని 1926లో యాకోవ్ ఫ్రెంకెల్ లెక్క కట్టాడు. ఒక పరమాణువుల పొర మరో పొర మీద జారడానికి కావాల్సిన ప్రతిబలం షియర్ గుణకంలో ఆరో వంతు దాకా ఉండాలని తేలింది. నిజమైన మెత్తటి లోహాలు అంతకంటే వేల రెట్లు తక్కువకే లొంగిపోతాయి. పొరంతా ఒకేసారి జారదనీ, డిస్‌లొకేషన్ అనే గీత లాంటి లోపం ముందుకి జరుగుతూ పొరని కొంచెం కొంచెంగా జరుపుతుందనీ 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ విడివిడిగా చెప్పారు. దాని చుట్టూ దూరంగా ఉన్నచోట స్థితిస్థాపక సిద్ధాంతం చక్కగా పనిచేస్తుంది. దాని నడిమధ్యలో మాత్రం ఒక్కో పరమాణువునీ లెక్కలోకి తీసుకోవాలి.

నమూనా తన హద్దుని తానే చెప్పే సందర్భం కూడా ఒకటుంది. ఘనాకార స్ఫటికం స్థిరంగా ఉండాలంటే సి44 సున్నా కంటే ఎక్కువ ఉండాలి, సి11 సి12 కంటే పెద్దదై ఉండాలి, సి11కి సి12 రెండింతలు కలిపిన మొత్తం కూడా ధనాత్మకం కావాలి. ఈ షరతులు బోర్న్ పేరు మీద ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా శక్తి గుంట అడుగు తలకిందులై, జాలకం ఆ ఆకారంలో ఉండలేదు. మూడు వంతుల వనేడియం, ఒక వంతు సిలికాన్ ఉన్న సమ్మేళనాన్ని చల్లబరుస్తూ 1960లలో అతిధ్వనితో కొలిచినప్పుడు సి11, సి12ల తేడా పడిపోతూ వచ్చింది. సుమారు 21 కెల్విన్ దగ్గర ఆ తేడా దాదాపు మాయమై, ఘనాకార జాలకం ఒక దిశలో కొద్దిగా సాగిన జాలకంగా మారింది. ఆ ఉష్ణోగ్రత దగ్గర వర్గం పదానికి దాదాపు విలువ ఉండదు. స్ఫటికం ఏ వైపు సాగుతుందో, ఎంత దూరం పోయి ఆగుతుందో చెప్పాలంటే మూడో, నాలుగో ఘాతాల పదాల్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే.